పార్కులో పడుకునేవాళ్లను ఎక్కడికి పంపాలి?

మహబూబ్‌నగర్, నల్గొండ, సూర్యాపేట, వనపర్తి... ఏ ఊళ్లోనైనా పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్లను అడగండి, ఒకటే ఫిర్యాదు వినిపిస్తుంది. బెంచీల మీద ఎవరెవరో పడుకుని ఉంటారు. ఓపెన్ జిమ్ పరికరాల మీద లుంగీలు, చీరలు ఆరేసి ఉంటాయి. చెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి, బూడిద. ప్రహరీ వెంట మూత్రం వాసన. మూలకు పోతే పగిలిన మందు సీసాలు. మున్సిపాలిటీకి ఫోన్ చేస్తే సిబ్బంది వచ్చి మూటలు బయటపడేసి పోతారు. వారం తిరగకముందే మళ్లీ అవే మూటలు, అవే ముఖాలు.

ఈ కోపం న్యాయమైనదే. పేదవాళ్లంటే గిట్టనివాళ్ల గొడవ అని దీన్ని కొట్టిపారేయడం తప్పు. అసలు మన ఊళ్లలో పార్కులే తక్కువ. రెండు గదుల అద్దె ఇంట్లో ఉండే కుటుంబానికి, షుగర్ వచ్చి డాక్టరు నడవమన్న పెద్దమనిషికి, సైకిల్ నేర్చుకునే పిల్లకు ఉన్నది అదొక్క జాగే. పొద్దుగూకాక ఆడవాళ్లు అటు పోవడం మానేశారంటే సగం ఊరికి ఆ పార్కు లేనట్టే లెక్క. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి పురపాలిక బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టాలి. అంటే ఆ మొక్కల్లో, ఆ ట్రాకులో మనం కట్టిన ఇంటిపన్ను ఉంది. అడిగే హక్కు మనకు నూటికి నూరుపాళ్లు ఉంది.

చిక్కంతా మనం అడిగే మాటలో ఉంది. ‘వాళ్లను పంపించెయ్యండి’ అంటాం. ఎక్కడికో చెప్పం. మనం చెప్పం, అధికారులు చెప్పరు, కౌన్సిలర్లు చెప్పరు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఎన్నిసార్లు ఖాళీ చేయించినా పార్కు ఖాళీగా ఉండదని నేను నమ్ముతున్నాను. ఎందుకు ఉండదో అర్థం కావాలంటే ముందు అక్కడ పడుకునేది ఎవరో చూడాలి.

పొద్దున ఆరింటికి చూస్తే అందరూ ఒకేలా కనిపిస్తారు. రాత్రి పదింటికి నింపాదిగా గమనిస్తే వేరువేరు మనుషులు తేలతారు.

అందులో ఎక్కువగా కనిపించేది అడ్డా కూలీ. ఊరి నుంచి వచ్చి పొద్దున్నే సెంటర్లో నిలబడతాడు. మేస్త్రీ పిలిస్తే సెంట్రింగ్, ఇసుక మోత, పునాది తవ్వకం, ఏ పనైనా చేస్తాడు. పిలవకపోతే ఆ రోజు కూలి లేదు. నెలలో ఎన్ని రోజులు పని దొరుకుతుందో ముందు తెలియని మనిషికి నెల అద్దె పెద్ద టెన్షన్. గది కావాలంటే అడ్వాన్సు ఇవ్వాలి, ఆధార్ చూపించాలి, ‘ఫ్యామిలీ ఉందా’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఇవన్నీ దాటి ఊరవతల చౌకగా గది దొరికిందనుకోండి, ఆటో ఎక్కి అడ్డా చేరేసరికి మేస్త్రీలు మనుషులను ఎంచుకుని వెళ్లిపోయి ఉంటారు. అందుకే అడ్డాకు నడిచి పోయేంత దూరంలో పడుకుంటాడు. మిగిలిన డబ్బు ఇంటికి పంపుతాడు. ఊళ్లో అతనికి ఇల్లుంది, ఓటుంది, రేషన్ కార్డుంది. టౌన్లో లేనిది ఒక పడక మాత్రమే.

రెండో రకం పెద్దాసుపత్రి చుట్టుపక్కల కనిపిస్తారు. వార్డులో పేషెంట్ దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు. తోడు వచ్చిన అత్తమ్మ, తమ్ముడు, చిన్నపిల్లలు బయటే ఉండాలి. జిల్లా కేంద్రాల్లో మెడికల్ కాలేజీలు వచ్చాక రోగులు పెరిగారు, తోడొచ్చేవాళ్లూ పెరిగారు. వాళ్లు తలదాచుకునే సత్రాలు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. వీళ్లు నాలుగు రోజులుండి పోతారు. కానీ ఆ జాగలోకి రేపు ఇంకో కుటుంబం వస్తుంది. చూసేవాళ్లకు మాత్రం ఎప్పుడూ అక్కడే ఎవరో పడుకుని ఉన్నట్టు ఉంటుంది.

ఇక కవర్లు కట్టుకుని గుడారాలు వేసుకునే కుటుంబాలు. బుడగ జంగాలు, గంగిరెద్దులవాళ్లు, దాసర్లు, పూసలవాళ్లు... తరతరాలుగా ఊరూరా తిరిగిన సంచార కులాలు. వీళ్ల విద్యకు ఊళ్లలో ఆదరణ పోయింది. మకాం వేసుకునే ఊరి బయలు ప్లాట్లయిపోయింది. ఒకప్పుడు పొలిమేరలో దిగిన కుటుంబం ఇప్పుడు చెరువు కట్ట కిందో, పార్కు గోడ పక్కనో, బైపాస్ వెంటో దిగుతోంది. అడ్డా కూలీకైనా ఊరి అడ్రసు ఉంటుంది. వీళ్లలో చాలామందికి అదీ ఉండదు.

సంఖ్యలో తక్కువే అయినా అన్నిటికంటే బాధపెట్టేవాళ్లు ఇంకో రెండు రకాలు. ఇంట్లోవాళ్లు వదిలేసిన ముసలివాళ్లు, మతిస్థిమితం తప్పి తిరిగేవాళ్లు. వీళ్లకు పార్కు ఒకటే, బస్టాండ్ ఒకటే, దర్గా మెట్లు ఒకటే. ఎవరో ఒకరు ఇంత అన్నం పెట్టే చోటుకు చేరతారు.

ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి. చీకటి పడ్డాక పార్కులో తాగేవాళ్లందరూ ఇల్లు లేనివాళ్లు కాదు. బండి వేసుకుని వచ్చి, మూలన కూర్చుని, సీసా అక్కడే వదిలేసి ఇంటికి పోయేవాళ్లున్నారు. పొద్దున గాజుముక్కలు చూసిన మనం ఆ కోపం బెంచీ మీద పడుకున్న మనిషి మీద చూపిస్తాం. దీనికి షెల్టర్ అక్కర్లేదు. రాత్రి ఒక పోలీసు రౌండ్, ఒక కాపలాదారు చాలు. ఈ రెండు సమస్యలను విడదీస్తే ఫిర్యాదులో కొంత భాగం అక్కడికక్కడే తీరుతుంది.

ఇంతమందికి కలిపి ఒకే మందు, ఖాళీ చేయించడం. అది ఎందుకు పనిచేయదో చెప్పడానికి పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా కంటే మంచి సాక్ష్యం లేదు.

దక్షిణ తెలంగాణలో ఇల్లు వదిలి బయట పడుకోవడం కొత్త సంగతి కాదు. కృష్ణ, తుంగభద్ర పక్కనే పారుతున్నా చెలకలు ఎండిన నేల ఇది. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు, కాల్వలు తవ్వారు. నారాయణపేట, కోస్గి, మద్దూరు, మక్తల్ వైపు నుంచి ముంబై, పుణె బస్సులు ఎక్కి వెళ్లినవాళ్లు, దేవరకొండ, చందంపేట తండాల నుంచి హైదరాబాద్ వెళ్లినవాళ్లు అక్కడ ఎక్కడ పడుకున్నారు? కడుతున్న బిల్డింగు పక్కన రేకుల కింద, ఫుట్‌పాత్ మీద, ఫ్లైఓవర్ కింద. 1981లో శ్రీశైలం నీళ్లు ఊళ్లను ముంచినప్పుడు అటు కర్నూలు, ఇటు మహబూబ్‌నగర్ జిల్లాల్లో వేల కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. మన జిల్లా మనుషులను అప్పట్లో వేరే నగరాలవాళ్లు చూసిన చూపు ఎట్లాంటిదో అట్లా వలస పోయిన కుటుంబాలను అడిగితే తెలుస్తుంది. ఇప్పుడు మన టౌన్లు కూడా పని దొరికే ఊళ్లయ్యాయి. మహబూబ్‌నగర్ కార్పొరేషన్ అయింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బీహార్ హమాలీలు పనిచేస్తున్నారు. వలస పంపిన జిల్లా వలసను చేర్చుకుంటోంది.

బయట పడుకునేవాళ్లను ఖాళీ చేయిస్తే ఏమవుతుందో కూడా అప్పట్లోనే తేలింది. అదే 1981లో, జులై నెలలో, బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద ఉండేవాళ్లందరినీ తొలగించి సొంతూళ్లకు పంపిస్తామని అప్పటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే ప్రకటించారు. దానిమీద జర్నలిస్టు ఓల్గా టెల్లిస్, ఇంకొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు రికార్డులో ఒక కూలీ కథ ఉంది. తమిళనాడులోని సేలం నుంచి కరువుకు తట్టుకోలేక 1961లో బొంబాయి వచ్చాడు. కెమికల్ కంపెనీలో రోజుకు 23 రూపాయల కూలి. భార్య, ముగ్గురు కూతుళ్లతో ఫుట్‌పాత్ మీద గుడిసె. 1981 జులైలో కార్పొరేషన్ ఆ గుడిసె పీకి, కుటుంబాన్ని సేలం బస్సు ఎక్కించింది. భార్యాపిల్లలు అక్కడే ఉండిపోయారు. అతను మాత్రం పని వెతుక్కుంటూ మళ్లీ బొంబాయికే వచ్చాడు. మళ్లీ ఫుట్‌పాత్ మీది గుడిసెలోనే చేరాడు. ఊళ్లో పని ఉంటే అతను అసలు కదిలేవాడే కాదు.

ఈ కేసులో 1985 జులై 10న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పును రెండు వైపులవాళ్లూ సగం సగమే చెప్పుకుంటారు. బతుకుతెరువు లేకుండా బతికే హక్కుకు అర్థం లేదని, తొలగించే ముందు నోటీసు ఇచ్చి వాళ్ల మాట వినాలని కోర్టు చెప్పింది. ఆ సంవత్సరం వానలు పోయి అక్టోబరు 31 దాటేదాకా తొలగించవద్దని కూడా అంది. ఇది ఒక సగం. నడవడానికి ఉన్న ఫుట్‌పాత్‌ను సొంతానికి వాడుకునే హక్కు ఎవరికీ లేదన్నది రెండో సగం. పార్కుకు దీన్ని అన్వయిస్తే, అక్కడ శాశ్వతంగా గుడారం వేసుకునే హక్కు ఎవరికీ లేదు. అట్లాగని చెప్పాపెట్టకుండా రాత్రికి రాత్రి మూటలు చెత్తబండిలో వేయడం కూడా కుదరదు.

భిక్షాటన నిరోధక చట్టం ఉంది కదా అని కొందరు అడుగుతారు. ఉమ్మడి రాష్ట్రంలో 1977లో వచ్చిన చట్టం అది. ఇలాంటి చట్టాలను కోర్టులు ఇప్పుడు వేరే కన్నుతో చూస్తున్నాయి. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు అక్కడ అడుక్కోవడాన్ని నేరంగా చూసే సెక్షన్లను కొట్టేసింది. కోవిడ్ కాలంలో వీధుల్లో అడుక్కునేవాళ్లను లేకుండా చేయమన్న విన్నపం వస్తే, 2021 జులైలో సుప్రీంకోర్టు అలాంటి ఆదేశం ఇవ్వబోమంది. అది సామాజిక, ఆర్థిక సమస్య, చేతిలో ఇంకో దారి ఉంటే ఎవరూ ఆ పని చేయరన్నది కోర్టు ఆలోచన. పైగా అడ్డా కూలీ, ఆసుపత్రికి వచ్చిన అత్తమ్మ అడుక్కోవడం లేదు. వాళ్లకు ఆ చట్టంతో సంబంధమే లేదు.

మతి చెదిరి తిరిగేవాళ్ల విషయంలో చట్టం చాలా స్పష్టంగా ఉంది, కానీ ఊళ్లో ఎవరూ దాన్ని వాడరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 100వ సెక్షన్ ప్రకారం, మానసిక జబ్బుతో తనను తాను చూసుకోలేని స్థితిలో తిరిగే మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకోవడం ఆ పోలీస్ స్టేషన్ అధికారి బాధ్యత. 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లూవాకిలీ లేని మనిషైతే తప్పిపోయిన వ్యక్తిగా కేసు నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. అలాగే ముసలి తల్లిదండ్రులను వదిలేస్తే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద శిక్ష ఉంది. ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ పోషణ ఖర్చు ఇప్పించగలదు. పెద్దవాళ్ల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది. పార్కు ఫోటో తీసి గ్రూపులో పెట్టేముందు ఆ నంబరుకు ఒక ఫోన్ చేస్తే ఆ బెంచీ మీది ముసలమ్మకు ఎక్కువ మేలు జరుగుతుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలు వీడియో కాల్‌లో అక్కడి పార్కుల్లోని గుడారాలు చూపించి ‘ఇక్కడా ఇంతే’ అంటారు. అక్కడి గొడవ ఇంకా ముదిరింది. ఓరెగన్ రాష్ట్రంలో గ్రాంట్స్ పాస్ అనే చిన్న పట్టణం పార్కుల్లో దుప్పటి పరుచుకుని పడుకున్నవాళ్లకు 295 డాలర్ల జరిమానా పెట్టింది. కేసు నడిచి నడిచి 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 తేడాతో, అలాంటి జరిమానా క్రూరమైన శిక్ష కిందికి రాదని తేల్చింది. పట్టణాలకు అధికారమైతే దొరికింది. పడకలు మాత్రం ఆ తీర్పుతో ఒక్కటీ పెరగలేదు. గది అద్దె కట్టలేని మనిషి జరిమానా ఎట్లా కడతాడు? పాత బాకీల్లో అది ఒకటిగా చేరుతుంది, రేపు గది అడిగినప్పుడు అడ్డుపడుతుంది.

పడక సంగతికి వస్తే, మన దేశంలో దీనికి కాగితం మీద లోటు లేదు. ఢిల్లీ చలిలో జనం చనిపోతుంటే 2010లో సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులోనే జోక్యం చేసుకుని, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున 24 గంటలూ తెరిచి ఉండే షెల్టర్లు కట్టమంది. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద పట్టణ నిరాశ్రయుల షెల్టర్ పథకం వచ్చింది. మన దగ్గర పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా చూసే మిషన్ అదే. లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటు ఉండాలి, ఒక్కొక్కరికి 50 చదరపు అడుగులు ఇవ్వాలి అన్నది ప్రమాణం. నిధులున్నా షెల్టర్లు ఎందుకు లేవో తేల్చమని 2016 నవంబరులో సుప్రీంకోర్టు జస్టిస్ కైలాశ్ గంభీర్ కమిటీని వేయాల్సి వచ్చింది. ఆ మిషన్ గడువు 2024లో ముగిసింది. ఇక భారం రాష్ట్రం మీద, పురపాలిక మీద పడింది.

షెల్టర్ ఉన్న ఊళ్లలోనూ పార్కులో ఎందుకు పడుకుంటారన్నది సరైన ప్రశ్నే. ‘వాళ్లకు అక్కడే అలవాటు’ అనేస్తాం. కాసేపు వాళ్ల లెక్కన చూడండి. షెల్టర్ ఊరి చివర ఉంటే పొద్దున అడ్డా పోతుంది. మగవాళ్లకు, ఆడవాళ్లకు వేరువేరు హాళ్లయితే భార్యాభర్తలు, పిల్లలు విడిపోవాలి. గుడారం కుటుంబం ఈ పని ఎప్పటికీ చేయదు. పార, తట్ట, వంట సామాను పెట్టుకోవడానికి తాళం వేసుకునే అర లేకపోతే పగలు వాటిని ఎక్కడ వదిలి పనికి పోవాలి? ఆధార్ అడిగితే సగంమంది గుమ్మంలోనే వెనక్కి తిరుగుతారు. షెల్టర్ అంటే పట్టుకుపోయి బంధిస్తారన్న భయం ఇంకొకటి. ఒకసారి లారీలో ఎక్కించినవాళ్లు మళ్లీ వచ్చి ‘రండి, మంచి చోటు చూపిస్తాం’ అంటే ఎవరు నమ్ముతారు? తెలిసిన పార్కు, తెలిసిన టీకొట్టు, తెలిసిన పది ముఖాలు, వాటిలోనే వాళ్లకు ధైర్యం ఉంది.

ఇళ్ల పథకాలు ఈ మనుషుల దాకా రావడం కష్టం. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షల సాయం మొదటి విడతలో సొంత జాగ ఉన్నవాళ్లకు ఇచ్చారు. పార్కులో ఉన్న కుటుంబానికి లేనిదే ఆ జాగ. వలస కూలీలకు, పట్టణ పేదలకు చౌక అద్దె ఇళ్లు ఇవ్వాలని 2020లో కేంద్రం ఒక పథకం తెచ్చింది. మన టౌన్లలో అడ్డా కూలీలను అడిగితే దాని పేరు కూడా వినలేదంటారు.

లెక్కలో లేనివాళ్లకు పథకం అందదు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జనగణన సిబ్బంది ఫుట్‌పాత్‌ల మీద, గుడి మండపాల్లో, ప్లాట్‌ఫారాల మీద, పెద్ద పైపుల్లో పడుకున్నవాళ్లను లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. వచ్చే జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నోటిఫై చేశారు. ఇల్లు లేనివాళ్ల లెక్క మళ్లీ అప్పుడే తీస్తారు. ఆ రాత్రి మన ఊళ్లో ఎవరు ఎక్కడ పడుకుంటారో ఎన్యూమరేటర్‌కు చూపించగలిగేది పొద్దున్నే నడిచే వాకర్లే. ఇంకో సంగతి, ఇల్లు లేకపోయినా ఓటు ఉంటుంది. అడ్రసు రుజువు లేనివాళ్ల దగ్గరికి బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూసి పేరు రాసుకోవాలని ఎన్నికల సంఘం నిబంధన. ఓటు ఉంటే కౌన్సిలర్ ఆ గుడారం దగ్గర కూడా ఆగుతాడు.

అన్నిటికంటే గట్టి ముడి ఇంకోచోట ఉంది. 50 మందికి షెల్టర్ అంటే ప్రమాణం ప్రకారం 2,500 చదరపు అడుగులు. వాడకంలో లేని ఒక పాత పురపాలిక భవనమో, మూతపడిన స్కూలో సరిపోతుంది. డబ్బు దొరకని పని కాదు. దొరకనిది వీధి. బస్టాండ్ దగ్గర అంటే వ్యాపారులు ఒప్పుకోరు. ఆసుపత్రి వెనక అంటే అక్కడి కాలనీ సంతకాలు సేకరిస్తుంది. మా దగ్గర వద్దు అన్న భయం నాకు అర్థమవుతుంది. ఆడపిల్లలున్న ఇళ్లు, పెట్టిన పెట్టుబడి, కష్టపడి కొన్న ప్లాటు. కానీ ఇందులో ఒక నిజం ఉంది. వాళ్లు ఇప్పటికే మన దగ్గరే ఉన్నారు. గేటు లేకుండా, లైటు లేకుండా, మరుగుదొడ్డి లేకుండా, రాసుకునే రిజిస్టరు లేకుండా ఉన్నారు. ఒక కాపలాదారు, ఒక కేర్‌టేకర్, రాత్రంతా నీళ్లున్న టాయిలెట్ ఉన్న భవనంలోకి అదే మనుషులు మారితే చుట్టుపక్కల ఇళ్లకు ఇప్పటికన్నా రక్షణ ఎక్కువే.

ఒకచోట నేను గట్టిగా ఉంటాను. పడక చూపించాక పార్కులో పడుకోనివ్వకూడదు. రాత్రి గేటు వేయాలి, పొయ్యి పెట్టనివ్వకూడదు, మరీ మరీ చెప్పాలి. ఇది జాలి లేని మాట కాదు. పిల్లలు పార్కులోనే పుట్టి పార్కులోనే పెరిగితే బాగుంటుందని ఎవరూ అనరు. కాకపోతే వరుస మారకూడదు. ముందు గేటు, తర్వాత చూద్దాం అంటే మనుషులు బ్యాంకు మెట్ల మీదకు, మూసిన షాపుల ముందుకు, చెరువు కట్ట మీదకు మారతారు. ఫిర్యాదు చేసే కాలనీ మారుతుంది, ఫిర్యాదు అదే.

ఒకేసారి అంతా జరగదు. తొందరగా ఫలితం ఇచ్చేది ఆసుపత్రి తోడొచ్చినవాళ్లకు డార్మిటరీ. ఎందుకంటే జాగ ఆసుపత్రి ఆవరణలోనే దొరుకుతుంది, కాలనీ గొడవ ఉండదు. దాని వెనకే రాత్రంతా తెరిచి ఉండే మరుగుదొడ్లు. పార్కు పాడవుతోందని మనం అనే వాసనలో ఎక్కువ భాగం చీకటి పడగానే టాయిలెట్‌కు తాళం పడటం వల్ల వస్తున్నదే. అడ్డా కూలీకి అడ్డా దగ్గర చౌక పడక, రోజు లెక్కన కట్టేది, సామానుకు తాళం అరతో. గుడారం కుటుంబాలది అన్నిటికంటే నిదానమైన పని. వాళ్లకు నెల రోజుల షెల్టర్ సరిపోదు, కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు, చివరికి పట్టా ఉన్న జాగ కావాలి. సంవత్సరాలు పడుతుంది. ఈలోగా వాళ్లకు నీళ్లు, లైటు ఉన్న ఒక మకాం స్థలం పురపాలిక గుర్తించి చూపించాలి.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. పార్కు గురించి వాకర్లు అర్జీ పెట్టేటప్పుడు ‘తొలగించండి’ అన్న మాట దగ్గర ఆపకుండా, వార్డు సిబ్బందితో ఒక రాత్రి లెక్క తీయించమని, బస్టాండ్‌కో ఆసుపత్రికో నడక దూరంలో ఉన్న ఫలానా ఖాళీ భవనాన్ని షెల్టర్‌కు పరిశీలించమని, పార్కు మరుగుదొడ్డిని రాత్రి తెరిచి ఉంచమని కూడా రాయాలి. భవనం పేరు, వార్డు నంబరు స్పష్టంగా ఉంటే ఆ కాగితం మున్సిపల్ కమిషనర్‌కు, మెప్మాకు పోతుంది. ఎవరో ఒకరు దానికి రాతపూర్వకంగా జవాబు చెప్పాల్సి వస్తుంది. అర్జీ ఇచ్చి వచ్చేటప్పుడు రసీదు తీసుకోవడం మరవొద్దు.